నీళ్లు వచ్చు వైపు



ఈ నెల నేను మీకు వ్రాయబోవుచున్నది అంట్లను గూర్చి. మరియేదో లోతైన సంగతి ఉన్నదని కూర్చున్నవారు నన్ను మన్నింపవలెను. నేను వేదాంత కళాశాలలో చదివినవాడను. హెబ్రీ అక్షరములు దిద్దితిని, గ్రీకు క్రియలు వల్లించితిని. కాని ఎంగిలి కంచము శుభ్రమగుటకు ఏమి కావలెనో యేబదినాలుగవ యేట గాని నాకు తెలియలేదు. తెలిసిన తరువాత ఊరకుండుట న్యాయము కాదని తోచి వ్రాయుచున్నాను.

మా కాపురము తల్లాడలో. ఖమ్మము నుండి వైరా మీదుగా సత్తుపల్లి పోవు పెద్దబాటలో, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెము పోవు బాట చీలు చోట ఈ ఊరున్నది. ఒకవైపు సాగరు కాలువ క్రింది వరిచేలు. మరియొకవైపు పోగా పోగా అడవి. మా సంఘములో కూలిపనికి, మిరపకోతకు పోవు స్త్రీలు, ఆటోలు నడుపు పడుచువారు, ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులు, అడవి వైపు పల్లెల నుండి వచ్చు నాలుగు కోయ కుటుంబములు కలరు. మా యింట అంట్లు తోముట పెరటిలో బోరు పంపు యొద్ద. తోమునది నా భార్య. పెండ్లియైన నాటి నుండి అది ఆమె పనియే. ఆమె తోముచుండగా నేను వసారాలో కూర్చుండి ఆదివారపు ప్రసంగము సిద్ధపరచుకొనుచుందును. గిన్నెల చప్పుడు ఎక్కువైనయెడల, కొంచెము మెల్లగా అని కేక వేయుటయు కలదు.

2022 సెప్టెంబరులో మా అమ్మాయికి కాన్పు సమయము వచ్చినందున మేమిద్దరము అమెరికా దేశమునకు పోయితిమి. టెక్సాసు రాష్ట్రములో డల్లాసు నగరము చుట్టుపట్ల మన తెలుగువారు వేలకొలది కాపురమున్నారు. మా అమ్మాయియు అల్లుడును వారిలోనివారే. దేవుని దయవలన కాన్పు సుఖముగా జరిగి మనుమడు పుట్టెను. అది మొదలు నా భార్యకు పగలు రాత్రి తెలియలేదు. బాలింతకు పథ్యము వండుట, బిడ్డకు నూనె రాచి నీళ్లు పోయుట, నడిరాత్రి లేచి ఎత్తుకొని తిరుగుట, అన్నియు ఆమెయే. మూడవ వారమునకు ఆమె కుడి మణికట్టు వాచి, చెంబు పట్టుకొనుటకైనను వీలులేకపోయెను. ఆ రాత్రి నేను ధారాళముగా, "నువ్వు కూర్చో. అంట్ల సంగతి నేను చూసుకుంటాను. ఇక్కడ మిషను ఉంది గదా," అంటిని.

ఆ మిషనునే డిష్‌వాషర్ అందురు. బీరువా వంటి పెట్టె. తలుపు క్రిందికి తెరచుకొనును. లోపల తీగలతో అల్లిన రెండు అరలు, క్రింద ఒకటి, పైన ఒకటి, చక్రముల మీద ముందుకు వచ్చును. అంట్లు అందులో పెట్టి, సబ్బుబిళ్ల వేసి, తలుపు మూసి మీట నొక్కిన చాలునని మా అల్లుడు చెప్పియుండెను. ఇందులో ఏమి విద్య యున్నదని నేననుకొంటిని. పండుగ దినమున సత్తుపల్లి బస్సులో జనమును కుక్కినట్లు ఆ యింటి అంట్లన్నియు అందులో కుక్కితిని. కంచములను ఒకదాని నొకటి ఆనించి దొంతిగా పెట్టితిని. గిన్నెలను అంగడిలో అమ్మకమునకు పెట్టినట్లు ఒకదానిలో ఒకటి దూర్చితిని. గ్లాసులను నీళ్లు నిండునట్లు వెల్లకిల నిలిపితిని. పప్పు గరిటెను ఒక మూల నిలువుగా గ్రుచ్చితిని. అమ్మాయి పెండ్లికి మేమిచ్చిన అల్యూమినియము కుక్కరును కూడ మూత, రబ్బరు తీయకుండ నడుమ కూర్చుండబెట్టితిని. ఎంత చక్కగా పట్టినవని సంతోషించి, ప్రార్థన చేసికొని పండుకొంటిని.

తెల్లవారి తలుపు తెరచితిని. గ్లాసుల నిండ బురద వంటి నీళ్లు. లోపలి గిన్నెలో రాత్రి సాంబారు, పోపుగింజలతో సహా, వేడికి ఎండి పక్కుగట్టి యున్నది. కంచముల అంచులు మాత్రము తెల్లగానున్నవి, నడుమ అన్నపు మెతుకులు అట్లే యున్నవి. కుక్కరు నల్లబడి బొగ్గుపట్టిన కుండవలె నుండెను. నేను వెంటనే, "మిషను చెడిపోయింది," అంటిని. ఇట్టి సమయమున మనుష్యుని నోట మొదట వచ్చు మాట అదే గదా! ఆదాము నాటి నుండి మనకది అలవాటు.

అమ్మాయి బిడ్డను భుజము మీద వేసికొని వచ్చి చూచెను. నిద్రలేక ఆమె కండ్లు గుంటలు పడియున్నవి. "నాన్నా, మళ్లీ అన్నీ చేత్తో తోమాలి," అనెను. అంతకంటె ఒక్క మాట అనలేదు. కుక్కరును మాత్రము చేతిలోనికి తీసికొని ఇటునటు త్రిప్పి చూచి క్రింద పెట్టెను. ఆమె కోపపడియున్నను నాకు అంత కష్టము కాకపోవును.

అప్పుడు నా భార్య వాచిన చేతికి గుడ్డ చుట్టుకొని వచ్చి, ఆ యంత్రము ముందర నేల మీద చతికిలబడెను. ఆమె యేడవ తరగతితో చదువు మానినది. ఆ యంత్రమును అంతకుముందు ముట్టలేదు. ఆమె అరలు రెండును బయటికి లాగి, లోపల అడుగున నున్న రెక్కను వ్రేలితో త్రిప్పి చూచెను. ఆ రెక్కకు పైవైపున సన్నని రంధ్రములున్నవి. పై అర క్రింద మరియొక రెక్క యున్నది. "ఇది తిరుగుద్దా?" అని అమ్మాయిని అడిగెను. తిరుగుననియు, ఆ రంధ్రముల నుండియే నీళ్లు చిమ్ముననియు అమ్మాయి చెప్పెను. నా భార్య నా గరిటెను తీసి చూపించెను. అది పై రెక్కకు అడ్డము తగిలి రాత్రియంతయు దానిని కదలనీయలేదు.

"ఏమండీ, నీళ్లు కింద నుంచి పైకొస్తుంటే మీరు గ్లాసులు పైకి తెరిచి పెట్టారు. నీళ్లు ఎటునుంచి వస్తయ్యో చూసి గిన్నె మొగం అటు పెట్టాల. అంతే గదా," అనెను.

అంతే. ఆ యంత్రపు పుస్తకములో పది పుటలలో నున్నదంతయు ఆ ఒక్క మాటలో నున్నదని తరువాత చదివి తెలిసికొంటిని.

ఆ యంత్రము పనిచేయు విధమును కొంచెము వివరించెదను. మన పిల్లలు హైదరాబాదులోను, పరదేశములలోను కాపురముండు దినములివి. 2020లో కరోనా లాక్‌డౌను వలన పనివారు రాలేనప్పుడు మన దేశపు పట్టణములలో దీనిని కొన్నవారు మిక్కిలి పెరిగిరి. కనుక మీరును ఎక్కడనో ఒకచోట దీని యెదుట నిలువవలసి రావచ్చును. ఈ పెట్టె నీళ్లతో నిండదు. చాలమంది అట్లు తలంతురు, నేనును అట్లే తలంచితిని. ఇప్పటి యంత్రము ఒక విడతకు సుమారు 12 లీటర్ల నీళ్లే వాడును. అనగా ఒక బిందె కొలత. ఆ కొంచెము నీటినే అడుగున పట్టి, వేడిచేసి, పంపుతో రెక్కలలోనికి నెట్టును. నీళ్లు రంధ్రములలోనుండి వేగముగా చిమ్మునప్పుడు, ఆ తోపు వలననే రెక్క తిరుగును. పీచు లేదు, రుద్దెడి చేయి లేదు. నీటి దెబ్బ, వేడి, సబ్బు, ఈ మూడే. కనుక నీటి ధార తగిలిన చోటు శుభ్రమగును. తగలని చోటు ఎన్ని గంటలు తిరిగినను మురికిగానే యుండును. జారిన మెతుకులు అడుగున ఒక జల్లెడలో చేరును. దానిని తీసి కడుగనియెడల, ఆ మురికినీళ్లే మరల గిన్నెల మీద పడును. మేము చూచినప్పుడు ఆ జల్లెడలో పిడికెడు అన్నముండెను.

నా భార్య ఆ దినము కూర్చుండి నాకు నేర్పిన పద్ధతి యిది. ఎముకలు, కరివేపాకు, మెతుకులు ముందుగా గీకి పారవేయవలెను. కాని గిన్నెను పూర్తిగా కడిగి పెట్టనక్కరలేదు, గీకిన చాలును. కంచములు క్రింది అరలో, ఒక్కొక్క తీగసందున ఒక్కటియే, ముఖము నడిమి వైపునకు త్రిప్పి, రెంటి మధ్య వ్రేలు పట్టు సందుండునట్లు నిలుపవలెను. తపేలాలు, మూకుళ్లు క్రిందనే, ప్రక్కలకు, బోర్లించి, కొంచెము వాల్చి పెట్టవలెను. గ్లాసులు, చిన్నగిన్నెలు పై అరలో బోర్లించి, అడుగున నీళ్లు నిలువకుండ ఏటవాలుగా ఉంచవలెను. ప్లాస్టికు డబ్బాలు పై అరలోనే, ఏలయనగా క్రింద వేడి యెక్కువ. చెంచాలు ఒకదాని కడుపులో ఒకటి ఒదిగిపోవును గనుక కొన్నిటిని తలక్రిందుగాను కొన్నిటిని నిటారుగాను కలిపి పెట్టవలెను. కత్తుల మొనలు క్రిందికుండవలెను. పొడుగు గరిటెలు పండుకొనబెట్టవలెను. సబ్బు పెట్టు చిన్న తలుపునకు ఏదియు అడ్డముండరాదు. మీట నొక్కుటకు ముందు రెండు రెక్కలను చేతితో ఒక్కసారి త్రిప్పి, ఎక్కడను తగులుట లేదని చూడవలెను. ఇత్తడి, రాగి, కొయ్య, ఇనుప పెనము, అల్యూమినియము ఇందులో పెట్టనేరాదు.

అల్యూమినియము ఎందుకు నల్లబడినదో మీకు చెప్పెదను. ఈ యంత్రపు సబ్బులో క్షారము ఎక్కువ. మన తల్లులు బూడిదతో తోమినదియు ఈ క్షారము కొరకే. కట్టెల బూడిదలోని క్షారము జిడ్డును పట్టి సబ్బువలె చేసి నీటిలో కలుపును. అదే క్షారము అల్యూమినియము పైపొరను తినివేయును. చింతపండు పులుపు ఇత్తడి చిలుమును కరగించును గాని జిడ్డును విడిపింపదు. ఏ లోహమునకు ఏది పనికివచ్చునో మన స్త్రీలకు చేతివ్రేళ్లలో తెలియును. మన బోరునీళ్లలో సున్నము ఉండును గనుక గిన్నెల మీద తెల్లని మచ్చలు పడును. అందుచేతనే మన దేశములో ఈ యంత్రములో సబ్బు గాక వేరుగా ఉప్పు పోయు అర యుండును. అన్నములో వేయు ఉప్పు కాదు, ముతక ఉప్పు. అది నీటిలోని సున్నమును పట్టుకొను సాధనమును మరల సిద్ధపరచును.

తరువాత ఒక దినమున అక్కడి గ్రంథాలయములో ఈ యంత్రపు చరిత్ర చదివితిని. 1850లోనే ఒకరు కొయ్యతో ఇట్టిదొకటి చేసి పేటెంటు పొందిరి గాని అది సరిగా పనిచేయలేదు. పనికివచ్చు యంత్రమును చేసినది జోసెఫీన్ కాక్రేన్ అను స్త్రీ. ఆమె ఇల్లినాయి రాష్ట్రములో షెల్బీవిల్ అను చిన్న పట్టణమున నుండెను. కలిగిన యింటి యిల్లాలు. పనివారు తోముచు తన పింగాణీ పళ్లెముల అంచులు విరుగగొట్టుచున్నారని ఆమెకు కష్టముగా నుండెను. 1883లో భర్త చనిపోయి అప్పులు మిగిలినవి. అటుపిమ్మట ఆ పనియే ఆమెకు జీవనాధారమాయెను. 1886 డిసెంబరు 28న ఆమెకు పేటెంటు దొరకెను. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆ యంత్రము బహుమానము పొందెను. మొదట కొన్నవి హోటళ్లు, పెద్ద సంస్థలు. ఇండ్లలోనికి అది చాలకాలమునకు గాని రాలేదు. ఆమె చేసినదేమనగా, పళ్లెములను కొలిచి, దేని కొలతకు దానికి తీగలతో గదులు కట్టి, రాగి తొట్టిలో ఒక చక్రము మీద నమర్చి, అడుగు నుండి వేడి సబ్బునీళ్లు చిమ్మునట్లు చేసెను. ప్రతి పళ్లెమునకు దాని చోటు దానికిచ్చుట, దాని మీదికి నీళ్లు పంపుట. నా భార్య నేల మీద కూర్చుండి చెప్పినదియు అదియే.

ఆ చరిత్ర చదువుచుండగా నాకొక సంగతి తట్టెను. ఆమె ఆ యంత్రమును తన పింగాణీ కొరకు తలపెట్టెను, తోమువారి చేతుల కొరకు కాదు. ఆ మాట అనుకొన్న వెంటనే నా భార్య మణికట్టు జ్ఞాపకమునకు వచ్చి సిగ్గుపడితిని. ఆ కాక్రేన్ దొరసానిని నేనేమనగలను? ఆమె పళ్లెములనైనను చూచెను. నేను అదియు చూడలేదు.

2023 ఫిబ్రవరిలో మేము తల్లాడకు తిరిగి వచ్చితిమి. ఆ యేట ఏప్రిల్ 9న ఈస్టరు. మా సంఘములో ఆ దినమున ప్రేమవిందు ఉండును. ఆరాధనయైన తరువాత పందిరి క్రింద సుమారు రెండువందల మంది కూర్చుండి భుజింతురు. పప్పు, కోడికూర, పెరుగు. భోజనములైన పిమ్మట అందరు మరల లోపలికి వచ్చి, పాటపాడి, నేను ఆశీర్వాదము చెప్పగా ఇండ్లకు పోవుదురు. ఎన్నో యేండ్లుగా ఇదే క్రమము.

ఆ దినము భోజనములైన తరువాత, ఏమి తోచెనో, నేను వంటపాక వెనుకకు పోయితిని. ఇన్ని సంవత్సరములలో అదే మొదటిసారి. అక్కడ ఒక్క తొట్టి యున్నది. అందులోని నీళ్లు పప్పురంగు తిరిగి, పైన జిడ్డు తేలుచున్నవి. తోముట, కడుగుట, తొలుచుట అంతయు ఆ నీళ్లలోనే. కడిగిన కంచములను తడితోనే దొంతులు పెట్టి, పట్టా మీద, బురద ప్రక్కన ఉంచిరి. నా అమెరికా అర నాకు జ్ఞాపకమునకు వచ్చెను. అంచులు తెల్లగా, నడుమ మెతుకులు. పోయిన క్రిస్మసు విందు తరువాత పిల్లలకు కొందరికి విరేచనములైనవని విన్నప్పుడు, కోడికూర మీద అనుమానపడితిమి. కారణము ఇదియే యని నేను నిశ్చయముగా చెప్పలేను గాని, ఆ తొట్టి చూచిన తరువాత కూరను నిందింప నాకు మనసు రాలేదు.

ఆ తొట్టి చుట్టు నలుగురు స్త్రీలు కూర్చుండియున్నారు. ఇద్దరు విధవరాండ్రు, ఒక ముసలామె, నాలుగవది నా భార్య. ముసలామెను, "అవ్వా, అన్నం తిన్నావా?" అని అడిగితిని. "ఇయ్యి అయినాక తింటాం అయ్యగారూ," అనెను. ఎప్పటినుండి ఈ పని నీవు చేయుచున్నావని అడిగితిని. ఆమె లెక్కపెట్టుటకు కొంచెము సేపు చేయి ఆపి, "మా ముసలాయన పోయిన కాడినుంచి. పదకొండేళ్లు. పండగనాడు మీ ఆశీర్వాదం మాకెక్కడ ఇనపడుద్ది అయ్యగారూ? ఈ గిన్నెల సప్పుడే మాకు," అని నవ్వెను. ఆమె నన్ను నిందించుటకు అనలేదు. ఉన్నమాట చెప్పెను.

లోపల జనులు నా కొరకు కనిపెట్టుచున్నారు. నేను పోయి ఆశీర్వాదము చెప్పితిని. చెప్పుచుండగా కిటికీలోనుండి గిన్నెల చప్పుడు వినబడెను. ఆ చప్పుడు ప్రతి సంవత్సరము వినబడియే యుండును.

ఆ రాత్రి నాకు మా నాయన జ్ఞాపకమునకు వచ్చెను. నాకు ఏడెనిమిదేండ్లప్పుడు, అనగా 1975 ప్రాంతమున, ఆయన నన్ను వెంటబెట్టుకొని సంతకు పోవుచు ఒక టీ దుకాణము యొద్ద ఆగెడివాడు. అంటరానితనమును రాజ్యాంగపు 17వ అధికరణము 1950లోనే రద్దుచేసినది. కాని పల్లెలలో రెండు గ్లాసుల పద్ధతి పోలేదు. మా గ్లాసు లోపలి బల్ల మీద ఉండదు. బయట చూరులో గ్రుచ్చి యుండును. మా నాయన దానిని తానే తీసికొని, ఎత్తి పోసిన టీ త్రాగి, తానే కడిగి, తానే బోర్లించి మరల చూరులో పెట్టవలెను. ఆయన ఆ గ్లాసును ఎంతసేపు కడుగువాడో! ఇసుకతో లోపల రుద్ది, రెండుమార్లు తొలిచి, ఎండకు ఎత్తి చూచి, అప్పుడు పెట్టెడివాడు. నాకు రోషము వచ్చి, వాళ్లు మనలను ముట్టనియ్యరు గదా, వాళ్ల గ్లాసు ఇంత శుభ్రముగా ఎందుకు కడుగవలెనని అడిగితిని. ఆయన, "ఎనక వచ్చి తాగేటోడు మనోడే గదరా," అనెను.

ఆ గ్లాసును గూర్చి నేను ఎన్నో ప్రసంగములు చేసితిని. చేసిన ప్రతిసారి జనులు కన్నీళ్లు పెట్టుకొనిరి. ఇప్పుడు నా సంఘములోనే, నా గుడి వెనుకనే, ఎంగిలి తీయువారు ఒకరును, తిని లేచి లోపలికి పోవువారు ఒకరునుగా నలుగురు బయట మిగిలిపోయిరి. వారిని ఎవరును బయట పెట్టలేదు. ఎవరును చూడలేదు, అంతే. గిన్నెకును పళ్లెమునకును వెలుపల మాత్రమే శుద్ధిచేయువారిని గూర్చి ప్రభువు పరిసయ్యులతో పలికిన మాట మత్తయి సువార్త 23వ అధ్యాయములో నున్నది. ఆ మాట నేను ఎన్నిసార్లు ఇతరులకు చెప్పితినో లెక్కలేదు. ఆ రాత్రి అది నాకు చెప్పబడెను.

నా భార్యను లేపి, క్షమించుమని అడిగితిని. ఆమె, "ఎందుకండీ ఇంత రాత్రప్పుడు," అని అటు తిరిగి పండుకొనెను. కొంతసేపైన తరువాత, "కోతపండక్కి తొట్లు మూడు కావాల. ఒకటి చాలదు," అనెను.

ఆ సంవత్సరము కోతపండుగకు ముందు పెద్దల కూటములో నేనీ సంగతి పెట్టితిని. ఒక పెద్ద లేచి, "అయ్యగారూ, మగాళ్లు గుడి వెనక కూసోని అంట్లు తోమితే ఊరు నవ్వదా?" అనెను. మంచివాడు, సంఘమునకు ఎంతో చేసినవాడు. నేను వాదింపలేదు. ప్రభువు నడుమునకు తువాలు కట్టుకొని పళ్లెములో నీళ్లు పోసికొన్న రాత్రి పేతురు అభ్యంతరము చెప్పెను గదా. పెద్దలకు అభ్యంతరముండుట సహజమే. ఊరు నవ్విన నవ్వనిమ్ము, నేను మాత్రము కూర్చుండెదనని చెప్పితిని.

మా కోయ సహోదరుడొకడు అడవి వెదురు చీల్చి బద్దలతో ఒక మంచె వంటిది కట్టెను. నేను డల్లాసులోని అరను నేల మీద గీసి చూపగా, ఆయన అంతకంటె బాగుగా చేసెను. బద్దకు బద్దకు నడుమ రెండు వ్రేళ్ల సందు, కంచము నిలువుగా, కొంచెము వాలుగా నిలుచును, నీళ్లు కారిపోవును, ఎండ రెండు వైపుల తగులును. గ్లాసులకు పైన మేకులు. మూడు తొట్లు వరుసగా పెట్టితిమి: మొదటిది సబ్బునీళ్లు, రెండవది మంచినీళ్లు, మూడవది కాగిన వేడినీళ్లు. వాటికి ముందు ఒక గోతి, గీకుటకు. రెండవ తొట్టి మురికిపట్టగానే పారబోసి మరల నింపవలెనని నియమము.

మొదటి విడత చెడగొట్టితిమి. మా పడుచువారు తొందరపడి గీకకుండ కంచములను సబ్బునీళ్లలో వేసిరి; పది నిమిషములలో ఆ తొట్టియు పప్పుతొట్టి యాయెను. స్త్రీలు పందిరి క్రింద నుండి చూచి నవ్విరి. ముసలామె లేచి రాబోగా, "అవ్వా, నువ్వు కూర్చొని అన్నం తిను," అని చెప్పి, నీళ్లు పారబోసి మరల మొదలుపెట్టితిమి. ఊరు నవ్వునన్న పెద్ద దూరముగా నిలిచి చూచుచుండెను. కొంతసేపటికి ఏమియు మాటలాడక పొయ్యి యొద్దకు పోయి, వేడినీళ్ల గుండిగను తానే మోసికొని వచ్చి మూడవ తొట్టిలో పోసెను. అటుతరువాత ఆ తొట్టిని ఆయన ఎవ్వరికిని విడువలేదు.

రెండువందల కంచములకు గంటన్నర పట్టెను. అంతవరకు ఆశీర్వాదము చెప్పవద్దని నిశ్చయించుకొంటిమి. చివరి గ్లాసు మేకునకు బోర్లించిన తరువాత, తడిచేతులతో లోపలికి పోయితిమి. ఆ దినము గుడి వెనుక ఏ చప్పుడును లేదు. ఆశీర్వాదము చెప్పుచు చూచితిని. ముసలామె ముందువరుసలో, చాప మీద, కొంగు తలమీద కప్పుకొని కూర్చుండియున్నది. బయటికి వచ్చునప్పుడు నన్ను చూచి, "ఇంత సిన్నదేనా అయ్యగారూ ఆశీర్వాదం? నేను సానా పెద్దదనుకున్నా," అనెను. అందరును నవ్విరి. నేనును నవ్వితిని గాని, ఇంటికి పోయి చాలసేపు ఊరక కూర్చుంటిని. అంత చిన్న మాటను ఆమెకు వినిపించుటకు మాకు పదకొండేండ్లు పట్టెను.

ప్రియ చదువరీ, నీ సంఘములో ప్రేమవిందు జరుగునప్పుడు ఒకసారి వంటపాక వెనుకకు పోయి చూడుము. ఎన్ని తొట్లున్నవో, నీళ్లు ఏ రంగున నున్నవో, కంచములు దొంతులుగా నున్నవో విడివిడిగా నున్నవో చూడుము. అక్కడ కూర్చున్నవారు ఎవరో, వారు తినిరో లేదో అడుగుము. ఇంటిలో తోముచున్నవారి చేతులను వెలుతురులో చూడుము. డబ్బు అక్కరలేదు, రెండు తొట్లు, కొన్ని వెదురు బద్దలు, ఒక గంటన్నర చాలును.

ఇప్పుడు మా యింట రాత్రి అంట్లు నావి. నా భార్య మణికట్టు వాపు తీసినను, బరువు పెట్టిన నొప్పి యింకను ఉన్నది. నేను బోరు యొద్ద పీట వేసికొని తోముచుండగా ఆమె వసారాలో కూర్చుండి, నేను కూర్చుండు కుర్చీలోనే, బైబిలు చదువుకొనును. మొన్న ఒకనాడు లేచి వచ్చి, నేను బోర్లించిన గిన్నెలలో ఒకదానిని తీసి, అంచు లోపల వ్రేలితో రాచి చూచెను. జిడ్డు తగిలినట్లున్నది. ఏమియు అనక, దానిని తిరిగి నా ముందర, అంట్లలో పెట్టి వెళ్లెను. నేను దానిని మరల తోమితిని.